రోబర్‌ని విలన్‌ని చేసింది వెర్న్ ముసలితనం కాదు

ఫ్రెంచ్ రచయిత జూల్స్ వెర్న్ చివరి నవలల గురించి మాట వచ్చినప్పుడల్లా ఒక వాదన వినిపిస్తుంది. ఎవరు చెప్పినా సారాంశం ఇదే: “1886లో వచ్చిన ‘రోబర్ ద కాంకరర్’లో రోబర్ హీరో, సైన్స్‌కి ప్రతినిధి. దానికి సీక్వెల్‌గా 1904లో వచ్చిన ‘మాస్టర్ ఆఫ్ ద వరల్డ్’లో అదే రోబర్ పిచ్చిపట్టిన విలన్. ఈ మధ్యలో వెర్న్‌కి జీవితంలో దెబ్బలు తగిలాయి, వయసు మీద పడింది, సైన్స్ మీద నమ్మకం పోయింది. అందుకే తన హీరోని తనే చంపుకున్నాడు. ఆ మార్పుకి నవలలో కారణం కూడా చూపలేదు.”

నాకు ఈ రెండు నవలలూ ఇష్టం. రెండోదాన్ని ఓ ముసలాయన నిరాశగా కొట్టిపారేస్తుంటే బాధేస్తుంది. పైగా ఆ వాదనలో ఒక్కో ముక్కా పుస్తకం తెరిచి చూస్తే నిలబడదు.

ముందు, రోబర్ మొదటి నవలలో హీరో అన్న మాట. అతను చేసిన పనులు వరసగా చూడండి. ఫిలడెల్ఫియాలో బెలూన్ల మీద పిచ్చి ఉన్నవాళ్ల క్లబ్ ఒకటుంది, వెల్డన్ ఇన్‌స్టిట్యూట్. రోబర్ అక్కడికి పిలవకుండానే వస్తాడు. గాలికన్నా తేలికైన బెలూన్లతో లాభం లేదు, గాలికన్నా బరువైన యంత్రాలదే భవిష్యత్తు అంటాడు. వాళ్లు ఎగతాళి చేస్తారు. ఆ రాత్రే క్లబ్ అధ్యక్షుడు అంకుల్ ప్రూడెంట్‌నీ, కార్యదర్శి ఫిల్ ఎవాన్స్‌నీ, వాళ్ల నౌకర్నీ ఎత్తుకుపోతాడు. తన ఆల్బట్రాస్ విమానంలో వారాల తరబడి బందీలుగా ఉంచుకుని ప్రపంచమంతా తిప్పుతాడు. కిందికి దింపమని అడిగితే అది తన ఇష్టం అంటాడు. చివరికి వాళ్లు డైనమైట్ పెట్టి ఆ విమానాన్నే పేల్చేసి తప్పించుకోవాల్సి వస్తుంది.

హీరో చేసే పనులేనా ఇవి? అతను మంచి పని చేసిన చోటు లేకపోలేదు. ఆఫ్రికాలోని దహోమీ రాజ్యంలో నరబలి జరగబోతుంటే పైనుంచి దిగి ఆపుతాడు. కానీ అక్కడ కూడా తుపాకులూ పేలుడు పదార్థాలే మాట్లాడతాయి. ఎవరు బతకాలో ఎవరు చావాలో ఆకాశంలో ఉన్న ఒక్కడే తేలుస్తాడు. (ఆ నౌకరు ఫ్రైకోలిన్ నల్లజాతివాడు. అతన్ని చిత్రించిన తీరు మాత్రం చాలా అసహ్యంగా ఉంటుంది. ఆ నవల మీద నిజమైన ఫిర్యాదు ఏదైనా ఉంటే అదీ.) రోబర్‌లో దుర్మార్గం మొదటి పేజీల నుంచే ఉంది. ముప్ఫై ఏడు స్తంభాలు, డెబ్బై నాలుగు పంకాలతో గాలిలో తేలే ఆ విమానం మాయలో పడి మనం అతన్ని క్షమించేస్తాం. ఆ క్షమాపణ పాఠకులుగా మనమిచ్చింది. దాన్ని వెర్న్ అభిప్రాయం అనుకోకూడదు.

ఇక జీవితంలో దెబ్బల సంగతి. ఆ దెబ్బలు నిజమే. 1886 మార్చిలో వెర్న్‌ని సొంత తమ్ముడి కొడుకు గాస్టన్ తుపాకీతో కాల్చాడు. ఆ కాలి గాయం ఆయన్ని చివరిదాకా వదల్లేదు. అదే నెలలో ఆయన ప్రచురణకర్త హెట్జెల్ చనిపోయాడు. మొదటి నవల పాఠకుల చేతికి వచ్చింది కూడా ఆ ఏడాదే, ఈ రెండూ జరిగాక. రాయడం అంతకుముందే అయిపోయింది, ఒప్పుకుంటాను. అయితే ‘అంతకుముందు ఆశ, ఆ తర్వాత నిరాశ’ అని గీత గీయాలంటే, అంతకుముందు రాసినవాటిలో నిరాశ ఉండకూడదు కదా? ఉంది, బోలెడంత ఉంది.

‘ట్వంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ద సీ’ 1869, 70లలో వచ్చింది. అందులో నీమో మహా ఇంజనీరు. అతనే ఒక యుద్ధనౌకని, అందులోని మనుషులతో సహా, కావాలని ముంచేస్తాడు. కథ చెబుతున్న ప్రొఫెసర్ అరొనాక్స్ అది చూసి భయంతో కొయ్యబారిపోతాడు. 1879 నాటి ‘ద బేగమ్స్ ఫార్చ్యూన్’లో షుల్ట్‌జ్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ ఉన్నాడు. ఉక్కు నగరం కట్టి, పక్క నగరాన్ని నాశనం చేయడానికి పెద్ద ఫిరంగి తయారు చేస్తాడు. తను తయారు చేసిన గుండులోని వాయువుకే చచ్చిపోతాడు. అది వేరొకరు రాసిన ప్రతిని వెర్న్ తిరగరాసిన నవల అని ఎవరైనా గుర్తు చేయొచ్చు. నిజమే, కానీ తిరగరాసి తన పేరుతో అచ్చు వేయించుకున్నాడు.

వీటన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఇంకొకటుంది. 1863 ప్రాంతంలో, ముప్ఫై అయిదేళ్ల వయసులో, వెర్న్ ‘పారిస్ ఇన్ ద ట్వంటియత్ సెంచురీ’ అనే నవల రాశాడు. కథ 1960లో మొదలవుతుంది. యంత్రాలకీ డబ్బుకీ తప్ప దేనికీ విలువ లేని నగరం. లాటిన్ కవిత్వంలో బహుమతి వచ్చిన ఒక కుర్రాడు ఆ నగరంలో తిండి దొరక్క, చలికి వణుకుతూ, చివరికి మంచు కప్పిన శ్మశానంలో కుప్పకూలతాడు. హెట్జెల్ దాన్ని అచ్చు వేయనన్నాడు. ఆ రాతప్రతి పెట్టెలోనే ఉండిపోయింది. 1989లో వెర్న్ మునిమనవడికి దొరికింది, 1994లో పుస్తకంగా వచ్చింది. అంటే ‘ముసలితనంలో నిరాశ’ అన్న మాట పుట్టి పెరిగిన కాలంలో ఈ నవల ఉందనే పాఠకులకి తెలియదు. అప్పటివాళ్లని తప్పు పట్టను. పుస్తకం అందుబాటులోకి వచ్చాక కూడా అదే మాట తిప్పితిప్పి చెబుతుంటే మాత్రం ఒప్పుకోలేను.

పోనీ, వయసు పెరిగేకొద్దీ ఆయన శాస్త్రవేత్తలు మరింత చెడ్డవాళ్లయ్యారా? 1896 నాటి ‘ఫేసింగ్ ద ఫ్లాగ్’లో తోమా రోష్ అనే ఆవిష్కర్త మతి చలించి, భయంకరమైన ఆయుధాన్ని సముద్రపు దొంగల చేతిలో పెడతాడు. తన దేశం జెండా ఎదురుగా కనబడగానే కాల్చలేక ఆగిపోతాడు, తనతో పాటు అంతా పేల్చేస్తాడు. ఇది రాసేటప్పటికి వెర్న్ అరవై దాటాడు.

ఆ వాదనలో నన్ను నిజంగా ఆలోచింపజేసిన ముక్క ఒకటే. మొదటి నవల చివర్లో, రోబర్ అంటే రేపటి సైన్స్ అని రచయితే రాశాడు. మరి రోబరే సైన్స్ అయితే, సీక్వెల్‌లో పిడుగు పడి అతను చావడం సైన్స్‌ని శిక్షించడమే కదా అని అడుగుతారు. బాగుంది. కానీ ఆ మాటకి కొంచెం ముందు రోబర్ ఇచ్చిన ఉపన్యాసం కూడా చదవాలి. ప్రపంచం ఇంకా దీనికి సిద్ధంగా లేదు, నా రహస్యం నాతోనే తీసుకెళ్తున్నాను అంటాడు. మనుషులు దాన్ని వాడుకునేంత చదువు, దుర్వినియోగం చేయనంత వివేకం సంపాదించిన రోజున అది వాళ్లదవుతుందనీ చెబుతాడు.

ప్రపంచానికి రోబర్ పెట్టిన ఈ షరతుకే రెండో నవల రోబర్‌ని నిలబెడుతుంది. ఈసారి అతని యంత్రం పేరు టెర్రర్. నేల మీద కారు, నీటి మీద పడవ, నీటి కింద జలాంతర్గామి, చివరికి విమానం. విస్కాన్సిన్‌లో కార్ల పందెం మధ్యలోంచి అంతుచిక్కని వేగంతో దూసుకుపోతుంది. దాన్ని కొనడానికి ప్రభుత్వాలు పోటీపడి ధర పెంచుతాయి. ఒక్క ప్రభుత్వం కూడా దీన్ని అందరికీ పంచుదాం అనదు. వాళ్లకి వివేకం లేదని రోబర్ అనుకుంటే, సరిగ్గానే అనుకున్నాడు. కానీ బదులుగా అతను చేసిందేమిటి? ఎవరికీ ఇవ్వను, దీంతో ప్రపంచం మొత్తాన్నీ గుప్పిట్లో పెట్టుకుంటాను అని ఉత్తరం రాసి ‘ప్రపంచాధిపతి’ అని సంతకం పెట్టాడు. దుర్వినియోగం చేయని రోజు దాకా ఆగుదామన్న మనిషి, తనే ఆ దుర్వినియోగం మొదలుపెట్టాడు. సైన్స్ మీద వెర్న్ అభిప్రాయం మారిందనడానికి ఇందులో ఆధారమేదీ నాకు కనబడలేదు. నయాగరా జలపాతం అంచున, నౌకలు వెంటపడుతుండగా టెర్రర్ రెక్కలు విప్పి పైకి లేచే ఘట్టం చదవండి. సైన్స్‌ని అసహ్యించుకునేవాడు ఆ పేజీ రాయలేడు.

పిడుగు సంగతీ అంతే. ఎక్కడినుంచో వచ్చి పడ్డ పిడుగు కాదది. తుఫాను కళ్లెదుట ఉంది, తప్పించుకునే దారీ ఉంది. అయినా రోబర్ కావాలని యంత్రాన్ని ఉరుములు మెరుపుల మధ్యకి నడిపాడు.

మార్పుకి కారణం చూపలేదన్న ఫిర్యాదులో కొంత నిజముంది. సీక్వెల్‌లో రోబర్ పేరు బయటపడటానికే చాలా పేజీలు పడుతుంది, అతను నోరు విప్పేది తక్కువ. మొదటి నవలంత కట్టుదిట్టంగా లేదు ఇది. కానీ కథ చెబుతున్నది జాన్ స్ట్రాక్ అనే పోలీసు ఇన్‌స్పెక్టరు. బందీగా ఉన్నా అతనికి రోబర్ మనసు తెలియదు, మనకీ తెలియదు. మొదటి నవలలో బందీలకీ తెలియలేదు.

చివరి పేజీలో స్ట్రాక్ ప్రాణాలతో ఇంటికి చేరతాడు. ఇంట్లో పనిచేసే ముసలావిడ మొదటినుంచీ, రోబర్ దాక్కున్న కొండలో ఉన్నది దయ్యమేనని నమ్మిన మనిషి. రోబర్ దయ్యం కాదని స్ట్రాక్ ఆమెకి చెబుతాడు. దయ్యం కావడానికి తగినవాడే అని ఆమె బదులిస్తుంది. నవల ముగిసేదీ ఆ మాటతోనే. అక్కడ వాళ్లిద్దరూ తూచి చూస్తున్నది ఒక మనిషిని, అతని యంత్రాన్ని కాదు.