దూబగుంట ఆడవాళ్ళు వేసిన లెక్క

నెల్లూరు జిల్లా సారా వ్యతిరేక ఉద్యమం ప్రస్తావన వచ్చినప్పుడల్లా మనకు రెండే దృశ్యాలు గుర్తుకొస్తాయి. ఒకటి దూబగుంట రోశమ్మ, రెండోది 1994 డిసెంబరులో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వేదిక మీదే మద్యనిషేధం దస్త్రంపై ఎన్టీ రామారావు చేసిన సంతకం. ఒక ధీర వనిత పోరాడింది, ఒక నాయకుడు వరమిచ్చాడు అన్నట్టుగా ఆ చరిత్ర స్థిరపడిపోయింది. నిజానికి ఆ రెండింటి నడుమ జరిగినదే ఈనాటి రాజకీయాలకు ఎక్కువగా పనికివచ్చేది.

1990లో జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైనప్పుడు పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళు రాత్రి బడుల్లో కూర్చున్నారు. వారిలో ఎక్కువమంది దళిత, వెనుకబడిన కులాల శ్రామికులు. అక్షరాలతో పాటు వారికి అక్కడ దొరికిన అసలైన వస్తువు, నలుగురూ కలిసి కూర్చుని తమ బతుకు గురించి మాట్లాడుకునే చోటు. ఇంట్లో ఎవరికి వారు తమ తలరాత అనుకున్న కష్టం ఊరందరిదీ అని అక్కడే తేలింది. కలిగిరి ప్రాంతంలోని దూబగుంటలో సారా కొట్టు మూయించిన కథ పాఠంగా మారి మిగతా ఊళ్ళ రాత్రి బడులకు చేరింది. 1992 నాటికి మెట్ట గ్రామాల్లో సారా తెచ్చే జీపులను ఆడవాళ్ళే ఆపారు, ప్యాకెట్లను తగలబెట్టారు, చివరకు నెల్లూరులో సారా వేలం పాటలు పదే పదే వాయిదా పడేలా చేశారు.

వారి వాదంలో నీతిబోధ కన్నా లెక్క ఎక్కువగా ఉండేది. కిలో రెండు రూపాయల బియ్యం పేరుతో ఇంటికి వచ్చేది ఎంత, సారా కొట్టు ద్వారా ఇంటి నుంచి పోయేది ఎంత అని వారు అడిగారు. రాష్ట్ర ఎక్సైజ్ ఆదాయం 1970–71లో సుమారు 39 కోట్ల రూపాయలు ఉండగా 1991–92 నాటికి 800 కోట్లు దాటింది. సారాను ప్యాకెట్లలో నింపి ఊరూరా అందుబాటులోకి తెచ్చిన ‘వారుణి వాహిని’ పథకం 1980లలో వచ్చింది ఎన్టీ రామారావు ప్రభుత్వ కాలంలోనే. ఉద్యమం ఎగసినప్పుడు ముఖ్యమంత్రిగా ఉన్న నేదురుమల్లి జనార్దనరెడ్డి అప్పట్లో ఈ జిల్లాలో ఉన్న వాకాడు వారే, ఆయనది కాంగ్రెసు. కాబట్టి ఈ ఉద్యమాన్ని తన ఖాతాలో వేసుకునే నైతిక హక్కు ఏ పార్టీకీ లేదు. ఆడవాళ్ళు ప్రశ్నించింది పేదవాడి కూలి మీద బతకడానికి అలవాటుపడిన ఖజానాను, ఆ ఖజానా మీద కూర్చున్నది ఎవరైనా సరే.

ఫలితం అంచెలంచెలుగా వచ్చింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తివేశారు. ఈ క్రమంలో గమనించదగ్గ మలుపు ఒకటుంది. మొదటి దశలో కాపలా కాసింది ఊరి ఆడవాళ్ళు, నిషేధ దశలో ఆ పని పోలీసులకూ ఎక్సైజ్ శాఖకూ పోయింది. దొంగసరుకు పెరగడానికీ ఖజానా లోటు సాకుగా చట్టాన్ని తేలిగ్గా వెనక్కి తీసుకోవడానికీ ఈ మార్పే దారి ఇచ్చిందని నేను నమ్ముతాను. అదే కాలంలో జిల్లాలో రోజుకు రూపాయి చొప్పున దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు లేచాయి, ఆ చైతన్యం వాటిలోకి ప్రవహించింది. ఆ పొదుపు సంఘాలు తర్వాత రాష్ట్రమంతా విస్తరించాయి, మంచిదే. కాని ఒకప్పుడు కలెక్టరును నిలదీసిన మహిళలను ఇవాళ అవే సంఘాల పేరుతో అధికార పార్టీ సభలకు బస్సుల్లో తరలించడం చూస్తే మనసు చివుక్కుమంటుంది.

గత పదేళ్ళలో విధానాలు అటూ ఇటూ మారాయి. 2019 తర్వాత ప్రభుత్వమే దుకాణాలు నడిపింది, 2024 అక్టోబరులో 3,396 దుకాణాలను లాటరీ ద్వారా ప్రైవేటువారికి అప్పగించారు, 99 రూపాయలకే సీసా అన్నారు. ఒకరు ధర పెంచి తాగుడు తగ్గిస్తామన్నారు, మరొకరు ధర తగ్గించి నాణ్యత ఇస్తామన్నారు. మహిళల ఖాతాల్లో నగదు వేయడంలో మాత్రం పార్టీలన్నీ పోటీ పడుతున్నాయి. ఆ నగదులో ఎంత తిరిగి దుకాణానికి పోతుందన్న పాత లెక్కను అడిగే రాత్రి బడి ఇప్పుడు లేదు.

చరిత్ర నుంచి నేర్చుకోవడం అంటే మళ్ళీ సంపూర్ణ నిషేధం కోరడమే కానక్కరలేదు. నిర్ణయం ఊరి చేతిలో ఉండాలన్నది దూబగుంట అసలు కోరిక. గిరిజనులు ఎక్కువగా ఉండే షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీ వ్యవస్థను విస్తరించిన 1996 నాటి పెసా చట్టం, మద్యాన్ని నియంత్రించే, నిషేధించే అధికారాన్ని అక్కడి గ్రామసభలకు ఇవ్వాలని చెప్పింది. మహారాష్ట్రలో మహిళా ఓటర్లలో సగానికి పైగా వద్దని ఓటు వేస్తే దుకాణం మూయించే నిబంధన ఉంది. మైదాన ప్రాంతమైన ఉదయగిరి మెట్టలోని ఒక ఊరికి గాని, కనిగిరి, మార్కాపురం వైపు ఊళ్ళకు గాని అటువంటి అధికారం ఎందుకు ఉండకూడదు? 2024 అక్టోబరులో జిల్లా కేంద్రాల్లో లాటరీ తీసినప్పుడు, రెండేసి లక్షలు రుసుము కట్టిన దరఖాస్తుదారులు హాలు నిండా కూర్చున్నారు. 1992లో నెల్లూరులో వేలం పాట జరగనివ్వని ఆడవాళ్ళ ఊళ్ళలోనూ దుకాణం వస్తుందో రాదో ఆ హాలులోనే తేలింది, ఆ ఊళ్ళలో ఒక్క గ్రామసభ కూడా పెట్టాల్సిన అవసరం చట్టానికి కనిపించలేదు.