మహారాజశ్రీ మెగాపిక్సెల్ గారి సముఖానికి

అయ్యా,

అమలాపురం నుంచి రాసుకుంటున్న విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం వేరే అడగక్కర్లేదు. కెమెరా పెట్టె మీదా, కొట్టు గోడ మీదా, కొట్టాయన నోట్లోనూ తమరే వెలిగిపోతున్నారు.

మా వైపు పెళ్లి సంబంధం వచ్చిందంటే ముందు అడిగేది "ఎన్నెకరాలండీ?" అని. అది లంక భూమా, చౌడు నేలా, కాలవ నీరు ఎక్కుతుందా అన్నది తాంబూలాలు పుచ్చుకున్నాక బయటపడుతుంది. మొదటి డీఎస్సెల్లార్, అంటే లెన్సు మార్చుకోగల పెద్ద కెమెరా, కొనబోయే మా కుర్రాళ్లదీ అదే వరస. "ఎన్ని మెగాపిక్సెళ్లండీ?" అంటారు. "ఇరవై నాలుగండి" అంటాడు కొట్టాయన. "ఆయ్, అయితే కట్టేయండి." సంబంధం ఖాయం.

ఆ 24 ఏమిటో చూద్దామని కూర్చున్నాను. తమరొక్కరంటే పది లక్షల చుక్కలు. అడ్డంగా 6000 చుక్కలు, నిలువుగా 4000. హెచ్చవేస్తే రెండు కోట్ల నలభై లక్షలు. ఘనంగానే ఉంది. కానీ ఇంట్లో 4కె టీవీ నిండటానికి 83 లక్షలు చాలు. పది అంగుళాలకు ఎనిమిది అంగుళాల ప్రింటు, అంగుళానికి 300 చుక్కల చొప్పున వేయించినా 72 లక్షలతో సరి. మిగతావి కత్తిరించుకోవడానికి పనికొస్తాయి, కాదనను. ఫ్లెక్సీకి కావాలి కదా అంటారు కొందరు. సెంటర్లో కట్టిన ఫ్లెక్సీని రోడ్డుకవతల నుంచి చూస్తారు గానీ, నిచ్చెనేసుకుని ఎక్కి నాయకుడి మీసంలో వెంట్రుకలు ఎవరు లెక్కపెడతారండీ?

ఇంకో తమాషా. 12 నుంచి 24కి వెళ్తే వివరం రెట్టింపయిందని జనం మురిసిపోతారు. తమరు దిద్దరు. అడ్డంగా చూసినా నిలువుగా చూసినా పెరిగేది 1.4 రెట్లే. నిజంగా రెట్టింపు కావాలంటే 48 ఉండాలి. ఫోన్లలో ఉన్న తమరి తమ్ముడుగారు మరీ ఘనుడు. పెట్టె మీద 200 అని వేయించుకుంటాడు, మామూలుగా బొమ్మ తీస్తే పదహారేసి చుక్కల్ని ఒకటిగా కలిపేసి పన్నెండున్నర చేతిలో పెడతాడు.

వెలుతురును పట్టి బొమ్మగా మార్చే సెన్సరు, తమరు కాపురముండేది, ఎంత పెద్దదో మాత్రం ఎవరూ అడగరు. కొత్తవాళ్లు కొనే కెమెరాల్లో ఎక్కువగా ఉండేది ఏపీఎస్-సీ రకం, సుమారు 24 మిల్లీమీటర్లకు 16. అంతకంటే పెద్దరకం, ఫుల్ ఫ్రేమ్ అంటే 36కు 24. ఏపీఎస్-సీ వైశాల్యం అందులో సగం కూడా లేదు. అయినా ఫోన్ సెన్సరు కంటే ఎన్నో రెట్లు విశాలం. బొమ్మ బాగుండటానికి ఆ వైశాల్యం ఒక పెద్ద కారణం, కానీ పేరు మాత్రం తమరికి.

తమరి వెలుగులో పడి కనబడకుండా పోయే పెద్దమనిషి ఇంకొకరున్నారు, లెన్సుగారు. పెట్టెలో ఉచితంలాగా వచ్చేది 18-55 ఎంఎం. 18 దగ్గర విశాలంగా చూస్తుంది, 55 దగ్గర దూరపుదాన్ని దగ్గరకు లాగుతుంది. 55 దగ్గర దాని కన్ను తెరుచుకునేది ఎఫ్ 5.6 వరకే. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే కన్ను అంత పెద్దది. తెల్లవారుజాము ముహూర్తం, మండపంలో సగం బల్బులు పచ్చవి, సగం నీలంవి. ఆ మసకలో పెళ్లికొడుకు తాళి కట్టడానికి వంగితే బొమ్మలో చేతులు సాగిపోతాయి. అదే చోట ఎఫ్ 1.8 ఉన్న 50 ఎంఎం లెన్సు పెడితే దాదాపు పదింతల వెలుతురు లోపలికొస్తుంది. తమరి 24 మాత్రం రెండింట్లోనూ 24గానే ఉంటుంది, చూశారా!

ఆ 50లోనూ మెలిక ఉంది. నికాన్ డీ3500, డీ5600 వంటి కెమెరాల ఒంట్లో లెన్సును దానంతటదే ఫోకస్ చేసే మోటారు లేదు. తనకు మోటారు లేని పాత ఏఎఫ్-డీ లెన్సు చవగ్గా దొరికిందని కొంటే తగులుకుంటుంది గానీ ఫోకస్ చేతితో తిప్పుకోవాల్సిందే. మోటారున్న ఏఎఫ్-ఎస్ కొనాలి. కెనాన్ ఈఎఫ్ లెన్సులకు మోటారు లెన్సులోనే ఉంటుంది, ఆ బెంగ లేదు.

ఏం తీస్తావురా అని ముందు అడగాలండీ. కనుమనాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు తీయాలంటే జనం మధ్యన నిలబడి పైకి చూడాలి, 18 చాలు. కౌశిక నదిలో దిగి ప్రభను మోసుకొచ్చేవాళ్లు కదిలిపోకుండా పడాలంటే వెలుతురుకు తలుపులా తెరిచి మూసే షట్టరు వేగం చూసుకోవాలి. కోరంగి మడ అడవుల్లో కొంగను తీయాలంటే 300 అయినా లేనిదే అది బురదలో చుక్క. తమరి లక్షల చుక్కల్లో అదొకటి.

అన్నిటికంటే ముఖ్యమైనది తేమ. గాలిలో తేమ 60 శాతం దాటి అలాగే ఉండిపోతే లెన్సులో బూజు పడుతుంది. మన గోదారి గాలికి అరవై ఒక లెక్కా? కొట్టాయన ప్రేమగా ఇచ్చిన బ్యాగులో పెట్టి బీరువాలో దాచారంటే బూజు దారం దారంగా గాజు మీద పాకుతుంది. ముదిరితే పూతనే తినేస్తుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, తేమ పీల్చే సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు ఉండాలి. తేమ 40-50 మధ్య ఉంటే చాలు. కెమెరాతో కలిపి అంటగట్టే ట్రైపాడ్ కంటే ఈ డబ్బాయే మేలు. ఆ ట్రైపాడ్ గాలికి ఎటూ వణుకుతుంది.

ఇప్పుడు కంపెనీల చూపంతా లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల మీద పడింది గనక పాత డీఎస్సెల్లార్లు చవగ్గా చేతులు మారుతున్నాయి. నేర్చుకునేవాడికి అదే మంచి కాలం. అక్కడ అడగాల్సిన అంకె వేరే, షట్టరు ఎన్నిసార్లు పడిందని. డీ3500 షట్టర్ని లక్షసార్లకు పరీక్షించారు. 90 వేలు పడినదాన్ని "కొత్తదే, ఇంట్లో వాడింది" అని అమ్మేవాళ్లు ఎక్కడైనా ఉంటారు.

వచ్చే ఆదివారం మా వీధి కుర్రాడొకడు రాజమండ్రి వెళ్తున్నాడు, కెమెరాకి. లెన్సు ఏది, ఫోకస్ మోటారు ఎక్కడ, షట్టరు ఎంత పడింది, డబ్బా ఎంత అని కాగితం మీద రాసిచ్చాను. తమరి ఊసే ఎత్తవద్దన్నాను. ఎత్తకపోయినా కొట్టాయన ముందు తమరి పేరే తీస్తాడు లెండి, ఆ మర్యాదకు లోటుండదు.

ఇట్లు,
లెన్సుగారి పక్షాన,
కోనసీమ వాస్తవ్యుడు