సవరణ: సీశాట్ మార్కుల గురించి

సివిల్స్ ప్రిలిమ్స్‌లో సీశాట్ (లెక్కలు, రీజనింగ్ లాంటివి ఉండే రెండో పేపరు) మార్కులు ర్యాంకుకు కలవవు, అర్హత వస్తే చాలు అని మొన్న రాశాను కదా, అది చూసి తిరుపతి బాలాజీ కాలనీ హాస్టళ్లలో చదువుకునే తమ్ముళ్లు కొందరు "అయితే సీశాట్ పక్కన పెట్టేస్తాం అన్నా" అంటున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

అర్హత అంటే 200కి 33 శాతం, అంటే 66 మార్కులు. అవి రాకపోతే మొదటి పేపర్లో ఎన్ని మార్కులొచ్చినా లాభం లేదు. మొత్తం 80 ప్రశ్నలు, ఒక్కోదానికి రెండున్నర మార్కులు, తప్పు రాస్తే అందులో మూడో వంతు పోతుంది. 30 ఒప్పు, 10 తప్పు అయితే 66 దాటి బయటపడతారు. అదే 30 ఒప్పు, 15 తప్పు అయితే 62.5 దగ్గరే ఆగిపోతారు, చూడండి, టెన్షన్లో గుడ్డిగా పెట్టిన ఐదు జవాబులు ఏడాది కష్టాన్ని ఎలా మింగేస్తాయో! లెక్కలంటే భయపడే ఆర్ట్స్ పిల్లలు రోజూ ఒక గంటైనా దీనికి కేటాయించాల్సిందే, నా మాట వినండి.

ఇంకోటి, అటెంప్టు సంగతి, అంటే పరీక్ష రాయడానికి ఇచ్చే అవకాశాల లెక్క. అప్లై చేసి అసలు వెళ్లకపోతే అటెంప్టు పోదు. కానీ పొద్దున పేపరు రాసి మధ్యాహ్నం సీశాట్ రాయకుండా ఇంటికొచ్చేసినా ఒకటి పోయినట్టే, జనరల్ వాళ్లకు ఉన్నవే ఆరు.

సెంటర్ అడిగిన చిత్తూరు చెల్లెలికి: ప్రిలిమ్స్ తిరుపతిలోనే రాయొచ్చమ్మా, మెయిన్స్‌కి మాత్రం మన రాష్ట్రంలో విజయవాడే.