గెలుపు క్లబ్బు ఆరోగ్యానికి హానికరం

మెక్సికో రెండో డివిజన్ ఫుట్‌బాల్ అభిమానులకి ఓ ప్రజాహిత ప్రకటన. మీ జట్టు వరసగా గెలుస్తుంటే టపాసులు కొనకండి. ఓనరు గారు ఏ ఊరివాళ్ళతో మంతనాలు జరుపుతున్నారో ముందు కనుక్కోండి.

అక్కడి పద్ధతి అది. పై డివిజన్‌లో ఆడే హక్కు ఊరిది కాదు, గ్యాలరీలో గొంతు చించుకునేవాళ్ళది అసలే కాదు. ఫెడరేషన్ రికార్డుల్లో ఓనరు పేరున ఉండే కాగితం అది. దాన్ని అమ్ముకోవచ్చు, వేరే రాష్ట్రానికి తరలించవచ్చు, పేరూ రంగూ మార్చెయ్యవచ్చు. తోటి ఓనర్లు సరేనంటే చాలు. జట్టు ఓడినంతకాలం ఆ కాగితం జోలికి ఎవరూ రారు. గెలిచిందా, బేరగాళ్ళు బయల్దేరతారు. పుణె జట్టు స్థానంలో 2019లో పుట్టి, మన దేశపు ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్ కప్పు కూడా కొట్టి, 2025లో ఢిల్లీకి చెక్కేసిన హైదరాబాద్ ఎఫ్‌సీని చూసినవాళ్ళకి ఇదేమంత వింతగా ఉండదు.

ఈ విద్యలో ఆరితేరిన ఊరు మిచోఆకాన్ రాష్ట్రంలోని లా పియెదాద్. లెర్మా నది ఒడ్డున చిన్న పట్టణం. రెబోసో అనే పొడవాటి శాలువాల నేతకి పేరుండేది కాబట్టి జట్టు పేరు రెబోసేరోస్. స్టేడియంలో పట్టేది పదమూడు వేల చిల్లర. 2001లో ఈ జట్టు మొదటి డివిజన్‌కి ఎక్కింది. 2002లో కాగితం కెరేతరో నగరం పాలైంది. 2004లో ఫెడరేషన్ డివిజన్‌ని 20 జట్ల నుంచి 18కి కుదిస్తూ దాన్ని కాస్తా రద్దు చేసేసింది.

ఒకసారి చెయ్యి కాలినా లా పియెదాద్‌కి బుద్ధి రాలేదు. 2013 మేలో నేసా జట్టుని ఫైనల్లో ఓడించి మళ్ళీ ఎక్కింది. వారాలు తిరక్కుండా జట్టు వెరాక్రూజ్‌కి వెళ్ళిపోయింది. వెరాక్రూజ్‌లో అప్పటికే ఉన్న రెండో డివిజన్ జట్టుని సాన్ లూయిస్‌కి పంపారు. ఎందుకంటే సాన్ లూయిస్‌లోని మొదటి డివిజన్ జట్టు చియాపాస్‌కి పోయింది. చియాపాస్ జట్టేమో కెరేతరోకి పోయింది. కెరేతరోకి జట్టెందుకంటే, ఆ ఏడాది అట్టడుగున నిలిచి కిందకి దిగిపోవాల్సింది వాళ్ళే! అంటే, ఓడినవాళ్ళు కాగితం కొనుక్కుని పైనే ఉన్నారు, గెలిచిన ఊరికి జట్టే లేకుండా పోయింది. ఫైనల్లో ఓడిన నేసాకైనా మిగిలిందా? దాన్ని సియుదాద్ దెల్ కార్మెన్‌కి తోలి, దెల్ఫీనెస్ అని పేరు పెట్టారు.

లా పియెదాద్ చెమటోడ్చి సంపాదించిన ఆ స్థానం వెరాక్రూజ్‌లో ఏ వైభవం వెలగబెట్టిందో కూడా చెప్పుకోవాలి. లీగ్‌లో వరసగా 41 మ్యాచ్‌లు గెలవలేదు. 2019లో కిందకి దిగాల్సివస్తే 12 కోట్ల పెసోలు కట్టి పైనే ఉండిపోయింది. అంత ఘనంగా కట్టాక ఆటగాళ్ళ జీతాలకి డబ్బుల్లేవు. అక్టోబరులో టీగ్రెస్‌తో మ్యాచ్ మొదలయ్యాక వెరాక్రూజ్ ఆటగాళ్ళు నిరసనగా కొన్ని నిమిషాలు కదలకుండా నిలబడ్డారు. టీగ్రెస్ మాత్రం మొహమాటపడకుండా గోల్స్ కొట్టుకుంది. డిసెంబరులో ఫెడరేషన్ క్లబ్బు గుర్తింపు పీకేసింది.

ఆ 12 కోట్ల సంగతి ఏమిటంటే, రెండో డివిజన్ విజేతకి ఫెడరేషన్ ముందుగా ఇచ్చే అర్హతా పత్రం లేకపోతే పైకి రానిచ్చేవారు కాదు. అట్టడుగు జట్టు ఆ సొమ్ము కట్టి ఉండిపోయేది. 2018లో గ్వాటెమాలా సరిహద్దు దగ్గరి కాఫీ ఊరు తపచూలా ఫైనల్ గెలిచింది. అర్హతా పత్రం లేదు కాబట్టి పైకి రానివ్వలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు. దిగిపోవాల్సిన పువెబ్లా జట్టు లోబోస్ 12 కోట్లు కట్టి కుర్చీలోనే కూర్చుని, మరుసటి ఏడు ఆ కుర్చీని రెండో డివిజన్ జట్టు హ్వారెస్‌కి అమ్మేసింది. తపచూలాని గెలిపించిన కోచ్ గాబ్రియేల్ కబయేరో అప్పటికే హ్వారెస్‌లో చేరాడు కాబట్టి, ఆయన మాత్రం మొదటి డివిజన్ చేరుకున్నాడు. దారి తెలిసిన మనిషి.

ఈ గందరగోళానికి 2020 ఏప్రిల్‌లో ఫెడరేషన్ గట్టి వైద్యమే చేసింది. ఎక్కడం, దిగడం రెండూ కొన్నేళ్ళపాటు ఆపేసింది. అడుగున ఉన్నవాళ్ళు ఇక జరిమానా కడితే సరిపోయేది. గెలిచి నష్టపోయే ప్రమాదం ఎవరికీ లేకుండా పోయింది. ఊళ్ళు మార్చడం మాత్రం ఆపలేదు. మొరేలియా జట్టు మజట్లాన్‌కి, సకటెపెక్ జట్టు మొరేలియాకి, అట్లాంటే కాన్‌కూన్ నుంచి మెక్సికో నగరానికి, ఖాళీ అయిన కాన్‌కూన్‌కి మన తపచూలా కాఫీ జట్టు, అదీ మధ్యలో తుష్ట్లాలో ఓ ఏడాది మజిలీ చేసి. చెరకు మిల్లు ఊరు సకటెపెక్‌కి మాత్రం బదులుగా ఏదీ దక్కలేదు. 1955లోనూ 1958లోనూ ఏకంగా దేశ ఛాంపియన్ అయిన పాపం దాన్ని ఇంకా వదల్లేదేమో.