ముట్టుకుంటే మాసిపోయే పుస్తకం గారికి

హన్మకొండ,
ఆదివారం, పగటీలి.

శ్రీయుత 112 బై 300 గారికి,

నువ్వొక బొమ్మల పుస్తకానివి, మూడొందల కాపీలల్ల 112వ దానివి. ఉత్త రంగు ఆకారాలే గని, పెన్సిల్‌తోని రాసిన ఆ నంబరు తప్ప నీ లోపల చదువుకునేటందుకు ఒక్క అక్షరం లేదు. అందుకే గదే నీ పేరనుకుంటున్న. 64 పేజీలు, 1,850 రూపాయలు. ఇంట్ల మాత్రం ఆఫర్ల నాలుగు వందలకే వచ్చిందని చెప్పిన. అమ్మ నిన్ను ముందటి నుంచి ఎనుక దాకా తిప్పి, "నోట్‌బుక్కు మంచిగనే ఉన్నది గని, ఎవలో ముందుగాలనే గీకిండ్రు గదరా" అన్నది.

నీతో పాటు ఒక చిట్టీ వచ్చింది. చేతులు కడుక్కొని తెరవాల్నట. మా ఇంట్ల సత్యనారాయణ వ్రతం పుస్తకానికి కూడా ఇంత మడి లేదు.

నీ పుట్టుపూర్వం నాకు ఎరుకే. రిసోగ్రాఫ్ మీద పుట్టినవ్. ఆ అచ్చు మిషన్ జపాన్ల వచ్చింది. స్టెన్సిల్ కోసి సిరా పూసి తిప్పే మన సైక్లోస్టైల్‌కు సొంత తమ్ముడు. కాకపోతే ఇది మాస్టర్ కాగితానికి వేడితోని తనే సన్నసన్న బొక్కలు పెట్టి, డ్రమ్ముకు చుట్టుకుంటది. ఒక డ్రమ్ముకు ఒకటే రంగు. మూడు రంగులు కావాల్నంటే కాగితం మూడుసార్లు దూరి రావాలె, దూరినప్పుడల్లా జరంత పక్కకు జరుగుతది. మా కోచింగ్ సెంటర్ల స్లిప్ టెస్టులు గీ మిషన్ మీదనే కొట్టేటోళ్లు. బెంజీన్ బొమ్మ సగం మాసిపోతే "సార్, కనవడ్తలేదు" అని లొల్లి పెట్టేటోళ్లం. నీ దగ్గర గులాబీ గుండ్రం పోయి నీలం డబ్బా మీదికి మిల్లీమీటరు ఎక్కితే దాన్ని కళ అనాల్నట! అప్పుడే దాచుకుంటే ఇయ్యాల నా అటక మీద లిమిటెడ్ ఎడిషన్లు ఒక బస్తా ఉండేటివి.

నైరూప్యమంటే, అదే ఏ వస్తువునూ పోల్చని బొమ్మలంటే, నాకు మంట లేదు. రష్యాల మాలెవిచ్ అనే చిత్రకారుడు 1915లనే నల్ల చతురస్రం ఎక్కించి గోడకు పెట్టిండు. మా బడిల దాన్ని పలక అనేటోళ్లం, అది వేరే ముచ్చట.

నిన్ను సంకల పెట్టుకొని చౌరస్తా దిక్కున్న బైండింగ్ అన్న దగ్గరికి పోయిన. ఆయన నీ వీపు చూసి, "అట్ట అతుకకముందే ఎందుకు తెచ్చుకున్నవ్ తమ్మీ?" అన్నడు. కుట్టు దారాలు బయటికి కనవడుడే దీని అందమన్నా అన్న. "అంటే సగం పనికి పూర పైసలు" అని నవ్విండు. తర్వాత బొటనవేలు, చూపుడువేలు నడుమ ఒక పేజీ పెట్టి రుద్దిండు. రుద్ది, సప్పుడు చెయ్యలే. 16 పేజీల ఫారాలు, అంటే మడత కట్టలు, నాలుగు లెక్కవెట్టిండు. నట్టనడుమ తెరిచి బల్ల మీద పెట్టి చెయ్యి తీసిండు. నువ్వు మూసుకోలే. "కాగితం గ్రెయిన్, అంటే నారల వాటం, వీపు పొడుగున పెట్టిండ్రు. మనోళ్లు కాగితం మిగుల్తదని అడ్డం కోస్తరు, గందుకే గైడ్లు ముఖం మీద మూసుకుంటయి." లోపటికి పోయి కొడుకును పిలుసుకొచ్చిండు. చెయ్యి కడుక్కొని రమ్మన్నడు కూడా! గప్పుడు నాకు తెల్వకుండనే కడుపు నిండింది.

ఎందుకు అబద్ధం, నాదీ గదే రోగం. కథ లేదు, మనిషి లేడు, చెట్టు లేదు. రెండో పేజీకే కండ్లకు పని అయిపోతది. వేలికి మాత్రం కాదు. ఉత్త కాగితం మీద గరుకు, రంగు మీద రంగు పడ్డ చోట ఇంత మెత్తన, ఎండిన సున్నం గోడను నిమిరినట్టు. ఇదంత నువ్వే కనిపెట్టినవని ఉబ్బకు. చేర్యాల పటాలకు బొమ్మలేసే నకాషీలు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి కలిపి బట్టకు పూతల మీద పూతలు పెట్టినంకనే కుంచె ముట్టుకుంటరు. అక్కడ ఆ నునుపు మీద పురాణం నడుస్తది. నువ్వు నునుపు కాడనే ఆగినవ్.

నా బాధ వేరే ఉన్నది. నీ సిరా వేడికి అతుక్కునేది కాదు, కాగితంల ఇంకేది. ఎన్నొద్దులైనా వేలికి అంటుతది. ముట్టుకుంటందుకే కొన్న నిన్ను ముట్టుకుంటే చెడిపోతవ్. మామిడికాయ తొక్కు జాడీకి తడిచెయ్యి తాకుతదేమోనని అమ్మ ఎట్ల కావలి ఉంటదో, చుట్టాలొస్తే నీకాడ నేనట్ల. పెండ్లి చొక్కా డబ్బాల పండవెట్టిన. రాత్రి అందరు పన్నంక తీసి మూడు పేజీలు నిమిరి, మల్ల పండవెడ్త.

ఇట్లు,
నీ యజమాని అనుకుంటున్నోడు

తా.క. ఈ ఉత్తరం కింది మూలకున్న గులాబీ వేలిముద్ర సబ్బుతోని రెండుసార్లు కడిగిన చేతిదే.