సముద్రం దాటొచ్చి ఫామ్‌హౌస్ అయిన కంటైనర్ గారికి

మహారాజశ్రీ ఇరవై అడుగుల కంటైనర్ గారి దివ్యసముఖమునకు,

మిమ్మల్ని దించేవాళ్లం, కోసేవాళ్లం, అతికేవాళ్లం అందరం కలిసి రాసుకునే విన్నపం. ఉభయ కుశలోపరి. మీ కుశలం అడగక్కర్లేదు. మొయినాబాద్ నుంచి శామీర్‌పేట దాకా ఏ ఫామ్ ప్లాటు చూసినా మీరే. మామిడి మొక్క ఇంకా మోకాలెత్తు రాలేదు, మీరు మాత్రం ముదురు బూడిదరంగు పూయించుకుని, గాజు తలుపు పెట్టించుకుని, మెడలో సీరియల్ లైట్ల దండతో కూర్చున్నారు.

మీ వంశం మంచిదే. 1956 ఏప్రిల్ 26న మాల్కం మెక్లీన్ అనే లారీల ఆసామి మీ ముత్తాతల్లో 58 మందిని ఐడియల్ ఎక్స్ అనే ఓడ ఎక్కించి న్యూవర్క్ నుంచి హ్యూస్టన్‌కి పంపాడు. సరుకు మోయడం, ఒకరి నెత్తిన ఒకరు నిలబడటం, అంతే పని. 1987లో ఫిలిప్ క్లార్క్ అనే ఆయన మిమ్మల్ని ఇల్లుగా మార్చే పద్ధతికి అమెరికాలో పేటెంటు అడిగాడు, 1989లో ఇచ్చేశారు. ఆ కాయితం మీద సంతకం చేసినాయన మే నెల ఎండలో రెంటచింతల వచ్చి ఉండడని మా గట్టి నమ్మకం.

మీరు చవక అంటారు అందరూ. వాళ్లు చెప్పేది మీ ఒంటి ధర. ట్రైలర్ కిరాయి, క్రేను, పునాది, కోతలు, ఫ్రేములు, ఇన్సులేషన్, లోపలి బోర్డు, కరెంటు, మీ నెత్తిన ఇంకో రేకు కప్పు, ఇవన్నీ కలిపి రాశాక చూస్తే అసలు మీరు ఆ లెక్కలో ఒక మూలన ఉంటారు. బయట కొలిస్తే మీరు 160 చదరపు అడుగులు. లోపల కొలిస్తే 149. గోడలకు 50 మిల్లీమీటర్ల ఫోము, 12 మిల్లీమీటర్ల బోర్డు వేశాక మిగిలేది 138. వెడల్పు ఏడడుగుల మూడంగుళాలు. అందులో ఐదడుగుల మంచం వేస్తే పక్కన నడవడానికి రెండడుగుల చిల్లర మిగులుతుంది. భార్యాభర్తల్లో ఎవరు గోడవైపు పడుకోవాలో గృహప్రవేశం రోజే తేల్చుకోవడం మంచిది.

ఇక మీ పేరు చెప్పుకుని తిరిగేవాళ్లున్నారు. ఊళ్లోనే యాంగ్లర్లతో, పల్చటి రేకుతో కట్టిన పోర్టబుల్ క్యాబిన్‌ను కూడా కంటైనర్ అనే అమ్ముతారు. ఆఫీసు గదికి అదే నయం కావచ్చు, గోడలోనే వేడిని ఆపే పఫ్ (పాలియురెథేన్ ఫోము) ప్యానెల్ ఉంటుంది కాబట్టి. కానీ మీ ధర పెట్టి దాన్ని కొనడం తెలివి కాదు. గుర్తుపట్టడం తేలిక. మీకైతే ఎనిమిది మూలలా కోలగుండ్రని రంధ్రాలున్న పోత ఉక్కు దిమ్మలుంటాయి. తలుపు మీద సీఎస్‌సీ ప్లేటు, అంటే కంటైనర్ల భద్రత ఒప్పందం కింద ఇచ్చిన పలక ఉంటుంది, అందులో తయారైన నెల, సంవత్సరం, మోయగల బరువు. కింద 28 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పరిచి ఉంటుంది.

కాయితాల సంగతి. మీరు ఈ దేశానికి వచ్చేది చుట్టపుచూపుగా. కస్టమ్స్ వారి మినహాయింపు కింద, ఆరు నెలల్లో తిరిగి వెళ్లిపోతారని మీ తరఫున బాండు రాసిచ్చి, సుంకం లేకుండా దించుతారు. ఇక్కడే కాపురం పెడితే ఆ సుంకం కట్టాలి. కొనేవారు అడగాల్సింది సుంకం కట్టిన బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి కాయితం) నకలు, జీఎస్టీ ఇన్వాయిస్. రెండింటి మీదా మీ నంబరుండాలి. విలువ 50 వేలు దాటితే దారిలో ఈ-వే బిల్లు కూడా. ఆ నంబరులో నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, చివర గడి కట్టిన ఏడో అంకె. ఆ చివరిది ముందున్న పదింటి లెక్కలోంచి పుట్టాలి, ఇష్టమొచ్చిన నంబరు రాస్తే అదే పట్టిస్తుంది. ఓడ కంపెనీ వదిలించుకున్నాక పెట్టె మీది నంబరు చెరిపేయడం మామూలే. బిల్లు మీద లేకపోవడం మామూలు కాదు.

మిమ్మల్ని చూడటానికి మిట్టమధ్యాహ్నం యార్డుకు రావాలి. మనిషి లోపల నిలబడి, బయటున్నవారి చేత తలుపులు మూయించుకుని, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగితే, ఎక్కడ చిల్లుందో అక్కడ చుక్క పొడుస్తుంది. పైకప్పులో పొడిచినదానికంటే గోడ కిందపట్టీ వెంట పొడిచినది చెడ్డది. తర్వాత టార్చి పట్టుకుని కిందకి వంగి, నేల మోసే అడ్డ ఛానళ్లు చూడాలి. సుత్తితో కొడితే ఖంగుమనాలి. పొరలు పొరలుగా రాలితే ఆ పెట్టె వద్దు. మీ ఉక్కు కోర్టెన్, పైన తుప్పు పట్టి అక్కడితో ఆగే రకం. అయితే ఆగేది తడి ఆరే చోటనే. నీళ్లు నిలిచే సొట్టలో, ఉప్పుగాలిలో, మట్టి ఆనుకున్న అంచులో అదేమీ ఆగదు. బీచ్ రోడ్డు పక్కన పెట్టేవాళ్లకు ఇది ఎవరూ చెప్పరు.

వాసన కూడా చూడాలి. మీ ప్లైవుడ్‌కి పురుగుమందు పట్టించి ఉంటుంది. ఆ మందు పేరు ప్లేటు మీదే ఉంటుంది. దాని మీద ఇదివరకు ఏ సరుకు కారిందో దేవుడికెరుక. విశాఖ రేవులో 2024 మార్చిలో మీ బంధువొకరిలో ఏముందో తేల్చడానికి సీబీఐ దిగాల్సొచ్చింది, మనకున్నది ముక్కొక్కటే. మనుషులు పడుకునే గదైతే నూనె మరకలున్న పలకలు పీకేసి సిమెంటు బోర్డు వేయాలి. లేదంటే రుద్ది, ఆరబెట్టి, ఎపాక్సీ రెండు కోట్లు పూయాలి. పాత స్క్రూలు తిరిగి రావు, తలలు తెగుతాయి; ఆ పనికి గ్రైండరే గతి.

మీ రాకడ ఊరేగింపుకు తక్కువేం కాదు. ట్రైలర్ మీద మీ ఎత్తు పదమూడు అడుగులు దాటుతుంది, ఊళ్లో కరెంటు తీగలు అంతకంటే కిందకి వేలాడుతుంటాయి. లైన్‌మన్‌తో ముందురోజే మాట్లాడుకోవాలి. మీ బరువు రెండు టన్నుల పైచిలుకే, పద్నాలుగు టన్నుల హైడ్రా క్రేను చాలు. కానీ ఆ పద్నాలుగు టన్నులు బూమ్, అంటే క్రేను చెయ్యి, దగ్గరగా ఉన్నప్పటి లెక్క. కంచె ఇవతల నిలబడి అవతలికి చాచితే ఆ బలం ఉండదు. వాన పడ్డ దుక్కిలో మీరు దిగబడేలోపే క్రేను దిగబడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మీ ప్లేటు మీద చాలాసార్లు 1,92,000 కిలోలు అని కనిపిస్తుంది. అది చదివి "ఏనుగెక్కినా కదలదు" అంటారు ప్లాటు యజమానులు. అది మీ నాలుగు మూల స్తంభాలు మోసే బరువు. మరి మీ నెత్తి? రెండు మిల్లీమీటర్ల రేకు. రెండడుగులు బై ఒక అడుగు చోట 300 కిలోలు పెట్టి పరీక్షిస్తారు, అంతే. అంటే పనివాళ్లు నలుగురు ఒకచోట గుమిగూడితేనే హద్దు దగ్గరికి వచ్చినట్టు. అలాంటి నెత్తిన వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకు ఎక్కిస్తారు, నిండితే టన్ను. ఆ పైన చాటంత సొట్ట, సొట్టలో నీళ్లు, నీళ్ల కింద తుప్పు. ట్యాంకైనా, సోలార్ పలకలైనా, పైఅంతస్తైనా బరువు మూలల మీదికి దిగేలా ఐ-బీములతో ఫ్రేము కట్టాలి. మట్టిలో పూడ్చి నేలమాళిగ చేద్దామనే మహానుభావులూ ఉన్నారు. మీ పక్క గోడలు 1.6 మిల్లీమీటర్లు. తడిసిన మట్టి తోస్తే కడుపు లోపలికి పోతుంది.

పునాది కూడా మూలలకే. మీ కింది మూల దిమ్మలు మిగతా ఒంటికంటే ఓ పన్నెండు మిల్లీమీటర్లు కిందకి దిగి ఉంటాయి, కూర్చునేది వాటి మీదే. ఇరవై అడుగులకు నాలుగు పెడెస్టల్స్ (కాంక్రీటు దిమ్మెలు), నలభైకి నడుమ ఇంకో రెండు, ఒక్కొక్కటి రెండడుగుల చదరం, పైన పది మిల్లీమీటర్ల ప్లేటు. రేగడి నేలైతే బీటలు వారే పొర దాటి మొరం తగిలేదాకా తవ్వాల్సిందే. లేకపోతే ఒక్క వానాకాలంలో ఒక మూల లేస్తుంది, ఫ్రేము మెలిపడుతుంది, తలుపు పట్టేస్తుంది. అప్పుడు యజమాని కడ్డీలకు గ్రీజు రాస్తాడు, కీలుకు సుత్తి దెబ్బలు వేస్తాడు. అది తలుపు జబ్బు కాదు, లెవెల్ పైపు పట్టి మూలలు చూడాలి. నేలకు అడుగున్నర ఎత్తున ఉంచితే కిందగా గాలి ఆడుతుంది, చెదలు కంటపడతాయి. అడుగు భాగానికి పెయింటు యార్డులోనే వేయించాలి. దించాక దూరి పూసే మొనగాడు ఇంకా పుట్టలేదు.

కోతల దగ్గర మా వాళ్లకూ పాపంలో వాటా ఉంది. మీ ముడతల గోడ అలంకారం కాదు, పైపట్టీని, కిందపట్టీని పట్టుకుని నిలబెట్టేది అదే. నలభై అడుగుల పెట్టెలో ఒక పక్క గోడంతా తీసేసి గాజు పెట్టమంటారు. తీస్తాం. పైపట్టీ నడుమ కుంగుతుంది, గాజు పగులుతుంది, గాజువాడిని తిడతారు. కొయ్యకముందే పైన బీము, నడుమ స్తంభం అతికి ఉండాలి. కిటికీకైనా చుట్టూ 100 బై 50 మిల్లీమీటర్ల బాక్సు పైపు, మూడు మిల్లీమీటర్ల మందం. వెల్డింగ్ రాడ్ 2.5 మిల్లీమీటర్లది, లావు రాడ్ పెడితే రేకు కరిగి చిల్లు పడుతుంది. అంగుళం అతికి, ఆరంగుళాలు వదిలి, చల్లారాక మళ్లీ వెనక్కి రావాలి. ఒకే ఊపున లాగితే గోడ అప్పడంలా లేస్తుంది.

ఒక చిన్న చోటుంది, అందరూ అక్కడే తప్పుతారు. గోడ ముడత లోతు 36 మిల్లీమీటర్లు. తిన్నటి ఫ్రేము దాని మీద ఆనితే ప్రతి ముడత దగ్గరా ఒక సందు. ఆ సందుల్లో సిలికాన్ కుక్కి వెళ్లిపోతారు. రెండు ఎండాకాలాలకు అది ఊడుతుంది, గోడ మీది వాన ముడత వెంట జారి నేరుగా బోర్డు వెనక్కి దిగుతుంది. ముడత ఆకారానికి రేకు ముక్కలు కత్తిరించి ఒక్కో సందుకీ అతకాలి, కిటికీ పైన చూరుపట్టీ పెట్టాలి. రెండు పెట్టెలు కలిపిన చోటా అంతే. 30 డిగ్రీల తేడాకు నలభై అడుగుల ఉక్కు నాలుగు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది, పైన రేకు టోపీ లేకుండా సిలికాన్ ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది?

ఎండ గురించి మీకు చెప్పేదేముంది. లోపలి నుంచి 50 మిల్లీమీటర్ల పఫ్ స్ప్రే రేకుకు ఖాళీ లేకుండా అంటుకోవాలి. గ్లాస్ వూల్ పెట్టి వెనక సందు వదిలితే చలికాలం రాత్రి రేకుకు చెమట పట్టి ఉన్ని నానుతుంది. పఫ్ కొట్టాక ఇక వెల్డింగ్ మాటెత్తకూడదు. బయట నిప్పురవ్వ, లోపల ఫోము అంటుకుంటుంది. కోతలు, బ్రాకెట్లు, కరెంటు పైపులు అన్నీ అంతకుముందే ముగియాలి. ఫోమును ఎక్కడా తెరిచి ఉంచక నిప్పుకు ఓర్చే బోర్డుతో మూసెయ్యాలి. బయట అడుగున్నర ఎడంగా జీఐ రేకు కప్పు, మీకు తెల్ల పెయింటు. ముదురు బూడిద ఫొటోకి బాగుంటుంది. ఫ్యాను మాత్రం గోడకే. సీలింగు వేశాక ఏడున్నర అడుగుల చిల్లర మిగిలే గదిలో కాడ ఫ్యాను వేలాడదీస్తే, చొక్కా విప్పుకునేవాడి చేతులకు బీమా చేయించాలి.

ఏమీ కోయకుండా గోదాముగా వాడేవాళ్లే మిమ్మల్ని అర్థం చేసుకున్నవాళ్లు. వాళ్లకూ ఒక చిక్కుంది: లోపల వాన. పగలు బస్తాల తడి ఆవిరవుతుంది, రాత్రి చల్లబడ్డ కప్పుకు పట్టి తెల్లవారుజామున బొట్లుగా రాలుతుంది. విత్తనాలు, యూరియా గడ్డకట్టాయని డీలర్‌ని పట్టుకుంటారు. పక్కనుండే ఆ చిన్న గాలి రంధ్రాలు చాలవు. కప్పు మీద టర్బో వెంటిలేటరు ఒకటి, కింద జాలీ వేసిన రంధ్రాలు రెండు, బస్తాల కింద చెక్క ప్యాలెట్లు, గోడకు అరడుగు ఎడం. తడి సరుకు మాత్రం పెట్టొద్దు.

కరెంటు ఇచ్చేముందు ఒంటికి ఎర్తింగ్, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ. వైరు రేకులోంచి దూరే ప్రతి చోటా రబ్బరు వాషరు.

పర్మిషన్ అక్కర్లేదు, తాత్కాలికమే అంటారు. పునాది, నల్లా, సెప్టిక్ ట్యాంకు పెట్టాక తాత్కాలికం ఏమిటో అధికారులు అడిగితే మా దగ్గరా జవాబు లేదు. చెరువు ఎఫ్‌టీఎల్‌లో, అంటే నిండితే నీళ్లు నిలిచే హద్దులోపల, పెడితే ఒక హైడ్రా దించిన దాన్ని ఇంకో హైడ్రా, అదే హైదరాబాదులో చెరువు ఆక్రమణలు తీసేసే సంస్థ, ఎత్తుకెళ్తుంది. మీ వల్ల నిజంగా మేలు జరిగిన చోటు ములుగు జిల్లా. అడవిలో పక్కా కట్టడాలకు అనుమతి రాని గూడేలకు 2024లో కంటైనర్ రూపంలోనే ఆసుపత్రి, బడి వచ్చాయి. అక్కడ సీరియల్ లైట్లు లేవు.

ఇట్లు,
మీ కొలతలు తెలిసినవాళ్లం

తా.క. మీ తలుపులు లోపలి నుంచి తెరుచుకోవు. గాలికి మూసుకుని బయట కడ్డీ పడితే లోపలున్న మనిషి గోడ బాదుకోవాల్సిందే. కాబట్టి గోదామైనా సరే, పని జరిగినంతసేపు తెరిచిన తలుపును పక్కగోడ కొక్కేనికి కట్టి ఉంచాలి. మనుషులుండే గదైతే పక్కగోడలో లోపలి గడియతో మామూలు తలుపు ఇంకోటి పెట్టాకే తాళాలు యజమాని చేతికివ్వాలి.