నవ్వుల వలయంలోకి చక్రాల ప్రవేశం

విశాఖ బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలను ఆపేస్తారు కనుక, నడకకు వచ్చేవారితో పాటు నిన్న నాకూ ఆ రోడ్డు మీద హక్కు కలిగింది. ఇన్‌లైన్ స్కేట్లనే చక్రాల బూట్లు, హెల్మెట్, మోకాలి తొడుగులు, ముందుగానే రుసుము పుచ్చుకున్న శిక్షకుడు ఎలా సమకూరారో చెప్పడం అనవసరం.

శిక్షకుడి సిద్ధాంతంలో లోపమేమీ లేదు. బరువు పాదం మధ్యభాగం మీద ఉండాలి, మోకాళ్ళు కాలివేళ్ళ పైకి వచ్చేంత వంగాలి, చీలమండలు లోపలికి వాలకూడదు, చూపు దూరాన నిలవాలి, పడక తప్పకపోతే ముందుకే పడాలి. ఇంత చెప్పి, ఆయన ఫోను చెవికి ఆనించుకుని కొబ్బరిబోండాల బండి వైపు వెళ్ళిపోయారు.

నేను మాత్రం కదల్లేదు. ఈ మాట ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను. వాననీరు నిలవకుండా రోడ్డును నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. ఆ వాలు చెప్పులకు తెలియదు గాని, ఒకే వరుసలో నాలుగేసి చక్రాలున్న బూట్లకు బాగా తెలుసు. ఏ అవయవమూ కదపకుండా, ఊరేగింపులో ఉత్సవవిగ్రహంలా, రోడ్డు అంచు వైపు సాగిపోయాను. నా వేగం ఎంతటిదంటే, నడుస్తున్న పెద్దాయన ఒకరు నన్ను దాటిపోయి, మళ్ళీ వెనక్కి వచ్చి, "ఏటి బాబూ, ఎవరికోసమేనా చూస్తన్నారా?" అని తీరిగ్గా అడిగారు.

1760 ప్రాంతంలో లండన్‌లో జాన్ జోసెఫ్ మెర్లిన్ అనే ఆయన చక్రాల బూట్లతో, వయొలిన్ వాయిస్తూ ఒక విందులోకి ప్రవేశించి, ఆగే ఉపాయం లేక ఖరీదైన నిలువుటద్దాన్ని బద్దలుకొట్టాడని చెబుతారు. నాకు ఎదురుగా అద్దం లేదు, నవ్వుల క్లబ్బు ఉంది.

పెద్దలందరూ వలయంగా నిలబడి "హహ్హహ్హ" అంటున్న సమయానికి, ఇద్దరి మధ్యనుంచి నేను మెల్లగా లోపలికి ప్రవేశించాను. ఆ నవ్వు కార్యక్రమంలో భాగమో, నా కోసం ప్రత్యేకంగా పుట్టిందో నేటికీ తేలలేదు. నాయకత్వం వహిస్తున్న ఆవిడ నన్ను కొత్త సభ్యుడనుకుని, చేతులు పైకెత్తమని ఆప్యాయంగా సైగ చేశారు. పెద్దల మాట కాదనలేక ఎత్తాను. బరువంతా మడమల మీదికి జారింది, సిద్ధాంతాన్ని తోసిరాజని వెనక్కి, తొడుగు లేని చోటు మీద కూర్చున్నాను. వారి వ్యాయామం ఆ ఉదయం సంపూర్ణంగా జరిగి ఉంటుంది.

శిక్షకుడు బోండాం ముగించుకుని వచ్చి, మోకాళ్ళు ఇప్పుడు సరిగ్గా వంగాయని మెచ్చుకున్నారు. కుడి బూటు మడమకున్న నల్లటి రబ్బరు ముక్క ఏమిటని అడిగాను. అది బ్రేకట. దాని పాఠం రెండో స్థాయిలో వస్తుందట, రుసుము వేరట.